ఏమీ అమ్మని సలహాదారు: కడపలో మా ఇంటి లెక్కలు దారికి తెచ్చిన సర్వీసు

పదిహేను వేలు ఫీజు కట్టి డబ్బు గురించి సలహా అడగడానికి పోతున్నామంటే మా చుట్టాల్లో సగం మంది మమ్మల్ని వింతగా చూశారు. "సలహాకు డబ్బులేంది, పాలసీలు కట్టించే అన్న ఊరికే చెప్తాడు గదా" అన్నారు. 2023 ఏప్రిల్‌లో కట్టాం, ఇప్పటికి రెండున్నరేళ్లు దాటింది. ఈమధ్య మా స్టాఫ్ రూములో ముగ్గురు టీచర్లు అడిగారు, మా ఆయన షాపు పక్కన హార్డ్‌వేర్ షాపు వాళ్లు అడిగారు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక మొత్తం ఒకచోట రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది.

ముందు పేరు సంగతి. మా సలహాదారు పేరు రాయడం లేదు. క్లయింట్ల మెచ్చుకోళ్లను ప్రచారానికి వాడకూడదని సలహాదారులకు సెబీ (షేర్ మార్కెట్‌ను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ఉందని, తన పేరు పెట్టి రాయొద్దని ఆయనే అడిగారు. ఎలాంటి మనిషిని వెతుక్కోవాలో మాత్రం కింద వివరంగా రాస్తాను.

మా ఇంటి పరిస్థితి చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. నేను ప్రభుత్వ స్కూల్లో టీచర్ని, సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి వాటా కోసి పెన్షన్‌కు జమచేసే పద్ధతిలో ఉన్నదాన్ని. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మార్చి నుంచి జూన్ దాకా బోర్లలో నీళ్లు అడుగుకు పోతాయి, మోటార్లు కాలిపోతాయి, షాపు ముందు వరసకట్టి పడుంటాయి, ఆయన రాత్రి పదకొండుకు గానీ ఇల్లు చేరరు. వానలు మొదలైతే రోజుకు ఒకటి వస్తే గొప్ప. పైగా అంతా నగదు వ్యాపారం కాదు, పులివెందుల వైపు నుంచి వచ్చే చీనీ (బత్తాయి) తోటల రైతులు "కాయ కోసినాక ఇస్తాంలే అన్నా" అని మోటారు తీసుకుపోతారు, వాళ్లకు కాదనలేం. ఇంట్లో అత్తమ్మ, పాప. సంపాదన తక్కువని ఎప్పుడూ అనను. కానీ ప్రతి ఏడాదీ అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఎవరినో ఒకరిని చేబదులు అడిగే పరిస్థితే, వేసవిలో వచ్చిందంతా ఎటు పోయిందో ఇద్దరికీ తెలిసేది కాదు.

మొదటి మీటింగ్ మూడు గంటలు నడిచింది. ఒక ఇంటి మేడ మీద చిన్న గది, టేబుల్, నాలుగు కుర్చీలు, ప్రింటర్, అంతే. ఇంట్లో ఉన్న బాండ్లు, పాస్‌బుక్కులు అన్నీ తెమ్మన్నారు, ఒక బట్టల షాపు కవర్లో కుక్కి తీసుకుపోయాం. ఎంత రాబడి కావాలని సలహాదారు అడగలేదు. తెల్ల కాగితం మీద మధ్యలో గీత గీసి, ఎడమవైపు "ఉన్నవి", కుడివైపు "ఇవ్వాల్సినవి" అని రాసుకుని, ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. నా సీపీఎస్ ఖాతాలో ఎంతుందని అడిగితే నేను చెప్పలేకపోయాను. పదేళ్లుగా జీతంలో పది శాతం కోసుకుంటున్నారని తెలుసు గానీ, స్టేట్‌మెంట్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఎడమవైపు 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వచ్చింది, పాప కోసం వేసినది, వడ్డీ 6.5 శాతం. కుడివైపు 3 లక్షల అప్పు వచ్చింది, షాపులో కొత్త మిషను కోసం తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది. సలహాదారు ఆ రెండింటికీ మధ్య పెన్నుతో ఒక అడ్డగీత గీశారు. గీసి ఊరుకున్నారు. మా ఆయన ఆ గీతను చూస్తూ కాసేపు మాట్లాడలేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. డిపాజిట్ మీద ఏడాదికి 19,500 వస్తుంటే, అప్పు మీద నెలకు 6,000 లెక్కన 72,000 కడుతున్నాం. ఏడాదికి 52,500 చేతులారా పోగొట్టుకుంటున్నాం. "పాప డబ్బు ముట్టుకోకూడదు" అనే ఒక్క మాట మీద మూడేళ్లు అలా కట్టాం. ఆ వారంలోనే డిపాజిట్ తీసి అప్పు తీర్చేశాం, గడువు కన్నా ముందు తీసినందుకు బ్యాంకు కొంచెం వడ్డీ కోసింది, అయినా సరే. ఫీజు పదిహేను వేలు ఆ ఒక్క గీతతోనే తిరిగొచ్చింది.

ఆరోజే ఇంకొకటి బయటపడింది. మా ఆయన పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీ మా మామగారు. మామగారు పోయి ఆరేళ్లు. ఆ బాండు నేను బీరువాలో ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపానో లెక్క లేదు, ఆ పేరు ఒక్కసారి కూడా చదవలేదు. ఇది చదువుతున్న వాళ్లు, సలహాదారు దగ్గరికి పోయినా పోకపోయినా, ఈ రాత్రే మీ పాస్‌బుక్కులూ బాండ్లూ తీసి నామినీ పేర్లు చూడండి.

ఇక సలహాదారు మాకు చేసిపెట్టిన పద్ధతి. నేను ఈ సర్వీసుకు మార్కులు వేసేది దీనికే, ఏ మ్యూచువల్ ఫండు చెప్పారన్నదానికి కాదు.

షాపు డబ్బు, ఇంటి డబ్బు వేరు చేయించారు. అంతకుముందు గల్లాపెట్టెలోంచే పాలకూ ఇచ్చేవాళ్లం, కాపర్ తీగకూ ఇచ్చేవాళ్లం. ఇప్పుడు షాపుకు కరెంట్ అకౌంట్, అందులోంచి ప్రతి నెలా 1వ తేదీన ఇంటి ఖాతాకు 35,000 దానంతటదే వస్తుంది. మే నెల అయినా అంతే, నవంబర్ అయినా అంతే. మా ఆయనకు ఆయన షాపే జీతమిస్తుంది. వేసవిలో ఎక్కువ వచ్చింది కదా అని ఇంటికి ఎక్కువ తేవడానికి లేదు. షాపు ఖాతాలో రెండున్నర లక్షలు నిల్వ ఉండాలి, జూన్ 30న దానికి పైన మిగిలింది ఎంతో చూసి, అప్పుడు పంచుతాం. మొదటి వేసవి ఇది మా ఆయనకు చాలా కష్టమైంది, మేలో చేతినిండా డబ్బు ఆడుతుంటే ముట్టుకోకుండా ఉండడం మాటలు కాదు. కానీ ఆ ఏడాది నవంబర్లో, షాపులో పని లేని నెలలో, 1వ తేదీ పొద్దున ఫోనుకు 35,000 జమ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని నాకు చూపించి, తర్వాత అత్తమ్మకు కూడా చూపించారు. ఆ రోజు నుంచి ఈ పద్ధతి గురించి మా ఇంట్లో వాదన లేదు.

నా జీతంలోంచి పొదుపుకు పోయేవన్నీ 2 నుంచి 4వ తేదీ లోపల పోతాయి. దీనికొక కారణముంది. పీపీఎఫ్‌లో (దీర్ఘకాల ప్రభుత్వ పొదుపు ఖాతా), సుకన్య సమృద్ధిలో (ఆడపిల్లల పేరు మీద తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా) వడ్డీని 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కకడతారు. 6న వేస్తే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. నేను అంతకుముందు పీపీఎఫ్‌లో ఎప్పుడూ ఇరవయ్యో తేదీ దాటినాకే, నెలలో ఏం మిగిలిందో చూసుకుని వేసేదాన్ని. మిగిలితే వెయ్యడం కాదు, వేసినాక మిగిలింది ఖర్చుపెట్టుకోండి అన్నారాయన. తేదీలు మార్చడానికి పైసా ఖర్చు కాలేదు.

నెలలో మొదటి ఆదివారం టిఫిన్లు అయినాక నేనూ మా ఆయనా అత్తమ్మా కూర్చుంటాం. ఒకే పేజీ. ఏముంది, ఎంత ఇవ్వాలి, పోయిన నెల ఏమొచ్చింది, ఏం పోయింది. షాపు బాకీ పుస్తకంలో ఆరు నెలలు దాటిన బాకీలు కూడా అందులోనే రాయాలి. నలభై నిమిషాలకు మించదు. రెండు నెలలు తప్పాం, ఒకసారి పెళ్లి, ఒకసారి పాపకు జ్వరం. తప్పినప్పుడు సలహాదారు తర్వాతి నెల రెండు పేజీలు రాయిస్తారు, ఊరుకోరు.

పాలసీల విషయంలో నాకు సలహాదారు మీద నమ్మకం కుదిరింది. మాకు ఐదు పాలసీలున్నాయి, అన్నీ మధ్యలో బోనస్, చివర్లో మెచ్యూరిటీ ఇచ్చే రకం. వాటిలో పెద్దదానికి ఏడాదికి 24,000 కడితే, మా ఆయనకేమన్నా అయితే వచ్చేది 5 లక్షలూ దాని బోనసూ. రెండున్నరేళ్లు ఇల్లు గడవడానికి కూడా చాలదు. కోటి రూపాయల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే రకం, చివర్లో ఏమీ రాదు) దానికన్నా తక్కువ ప్రీమియంకే వచ్చింది. ఆయన చెప్పిన వరస నాకు బాగా నచ్చింది: ముందు మెడికల్ పరీక్షలు అయ్యి టర్మ్ పాలసీ చేతికి రావాలి, ఆ తర్వాతే పాతవాటి మీద చెయ్యి వెయ్యాలి. మెచ్యూరిటీకి దగ్గరపడ్డ రెండింటిని అలాగే ఉంచమన్నారు, రెండింటిని పెయిడ్ అప్ చేయించారు, అంటే ఇక ప్రీమియం కట్టక్కర్లేదు, కట్టినదానికి తగ్గట్టు చివర్లో వస్తుంది. కొత్తగా తీసుకున్న ఒక్కటే నష్టానికి సరెండర్ చేశాం, అంటే మధ్యలోనే రద్దు చేసుకుని వచ్చినంత తీసుకున్నాం. అన్నీ రద్దు చేసెయ్యమని ఆయన అనలేదు, ఒక్కోదానికీ లెక్క వేసి చూపించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి, ఇప్పుడు తీసుకునేవాళ్లకు టర్మ్ ప్రీమియం భారం ఇంకా తగ్గినట్టే.

పాపకు 2023లో ఏడేళ్లు. పదేళ్ల లోపు కాబట్టి సుకన్య ఖాతా పోస్టాఫీసులో తెరిచాం, 2025లో వడ్డీ 8.2 శాతం. నాకైతే ఉన్నదంతా అందులోనే పెట్టాలనిపించింది. ఆయన క్యాలెండర్ వేసి చూపించారు. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు మెచ్యూరిటీ, అంటే 2044, అప్పటికి పాపకు 28. పదో తరగతి పాసైనాక గానీ పద్దెనిమిది నిండినాక గానీ చదువుకు తీసుకోగలిగేది నిల్వలో సగమే. ఇంజనీరింగో మెడిసినో 2034లో వస్తుంది గదా మేడమ్, ఆ ఏడాదికి డబ్బెక్కడిది అన్నారు. అందుకని సుకన్యలో కొంత, మిగతాది నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండులో (దేశంలోని యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండు) నెలనెలా. 2031 నుంచి ఆ ఫండులోది కొంచెం కొంచెంగా తీసి డిపాజిట్లలోకి మార్చాలని కూడా ఇప్పుడే రాసిపెట్టారు, చివరి ఏడాదిలో మార్కెట్ పడితే పాప అడ్మిషన్ ఆగకూడదని.

ఫండ్లలో డైరెక్ట్ ప్లాన్లే పెట్టించారు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండుకూ డైరెక్ట్ ప్లాన్ ఉంది, అందులో ఏజెంటు కమిషన్ ఉండదు. నాకు ఈ సంగతే తెలియదు. నా పాత సిప్ (నెలనెలా ఫండులో కట్టేది) బ్యాంకులో సంతకం పెట్టమంటే పెట్టినది, రెగ్యులర్ ప్లాన్, ఏటేటా కమిషన్ పోతూనే ఉంది. లెక్క కోసం చెప్తున్నా: నెలకు 10,000 చొప్పున ఇరవై ఏళ్లు వేస్తే, 12 శాతం వచ్చిందనుకుంటే కోటికి దగ్గరగా అవుతుంది, 11 శాతమే అనుకుంటే 87 లక్షల దగ్గర ఆగుతుంది. ఆ శాతాలు ఎవరూ గ్యారంటీ ఇవ్వరు, కానీ ఒక్క శాతం తేడా ఎంత దూరం పోతుందో చూడండి.

2024 జూన్ 4 మన రాష్ట్రంలో ఎవరూ మర్చిపోరు, ఓట్ల లెక్కింపు రోజు. అందరూ టీవీల ముందున్నారు. మధ్యాహ్నం మా ఆయన షాపు నుంచి ఫోన్ చేసి, మార్కెట్ ఘోరంగా పడిపోతోంది, తీసేద్దామా అన్నారు. ఆరోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. నాకూ చేతులు ఆడలేదు, సలహాదారుకు మెసేజ్ పెట్టాను. వచ్చిన జవాబు ఒక్క లైను: "రెండో పేజీ చదవండి మేడమ్." మా ప్లాన్ రెండో పేజీలో, మేమే సంతకం పెట్టిన కాగితంలో, మార్కెట్ 10 శాతం పడితే ఏం చెయ్యాలి, 20 పడితే ఏం చెయ్యాలి, 30 పడితే ఏం చెయ్యాలి అని రాసుంది. మూడింట్లోనూ మొదటి వాక్యం ఒకటే: ఆ రోజు ఏమీ అమ్మకూడదు, సిప్ ఆపకూడదు. ఏమీ చెయ్యలేదు. తర్వాత 2024 సెప్టెంబరు చివర్లో 26,000 దాటిన నిఫ్టీ 2025 మార్చి మొదట్లో 22,000 దగ్గరికి జారింది, ఐదు నెలల పాటు మెల్లమెల్లగా. ఒక్కరోజు పడడం కన్నా ఇదే ఎక్కువ కష్టం, ప్రతి నెలా పేజీలో అంకె తగ్గుతూ కనిపిస్తుంది. ఆ నెలల్లో కూడా సిప్ ఆగలేదు. మాకు ఆ కాగితం లేకపోతే ఖచ్చితంగా ఆపేసేవాళ్లం.

అత్తమ్మ గురించి రాయకపోతే అన్యాయం. ఆమెకు ప్రొద్దుటూరు బంగారం అంటే ప్రాణం, ఏడాదికోసారి ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని పోయి ఏదో ఒకటి కొనాల్సిందే. రెండో మీటింగుకు ఆమె కూడా వచ్చి నేరుగానే అడిగారు, "ఏం నాయనా, బంగారం వద్దంటావా?" అని. "వద్దనలేదమ్మా, మనవరాలికి నగ చేయించండి, కానీ దాన్ని ఖర్చు కింద రాయండి. తరుగు, మజూరీ పోయినాక అమ్మితే ఎంతొస్తుందో మీకే బాగా తెలుసు గదా" అన్నారు. ఆమె కాసేపు ఆలోచించి సరేనన్నారు, కొనడం మానలేదు గానీ ఏడాదికి ఎంత అనేది పేజీలో ఆమే చెప్పి రాయించారు. చీటీల విషయంలో మాత్రం ఆయన గట్టిగా పట్టుబట్టారు. కొన్నేళ్ల క్రితం మా వీధిలో తెలిసినావిడ దగ్గర చీటీ కట్టి, ఆవిడ రాత్రికి రాత్రి ఊరొదిలిపోతే, 1,80,000 పోగొట్టుకున్నాం. ఆ డబ్బు అత్తమ్మ కూడబెట్టినది. అయినా ఆమె ఇంకొకరి దగ్గర మొదలుపెట్టారు, నెలనెలా ఎంత కట్టారో క్యాలెండర్లో తేదీల కింద పెన్సిల్‌తో రాసుకునేవారు. చీటీ వెయ్యాలనుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీయే వెయ్యండి, ఆ గ్రూపుకు ఒప్పంద పత్రం చూపించమనండి, ఫోర్‌మన్ (చీటీ నడిపేవాళ్ల) కమిషన్ 7 శాతం దాటకూడదు, ఇవి లేకపోతే వద్దు అని పేజీలో రాయించారు. ఉన్న చీటీ అయిపోయినాక ఆమె కొత్తది వెయ్యలేదు.

లోపాలు కూడా రాయాలి. ఒకటి, ఆయన ఫోన్ ఎత్తరు. మెసేజ్ పెడితే ఒక్కోసారి రెండు రోజులకు జవాబొస్తుంది, మార్చి నెలాఖర్లో అయితే నాలుగు రోజులు పట్టింది, టాక్స్ లెక్కలకు నేను చాలా టెన్షన్ పడ్డాను. రెండు, ప్లాన్ అంతా ఇంగ్లీషులో ఇచ్చారు. ముప్పై పేజీలు. కడపలో ఇల్లు నడిపే వాళ్లకు తెలుగులో ఇవ్వాలి కదా, అందులో నాలుగు పేజీలు నేనే తెలుగులో రాసుకుని అత్తమ్మకు చదివి వినిపించాను. మూడు, కాగితాల పని ఏదీ ఆయన చెయ్యరు. పోస్టాఫీసు, బ్యాంకు, నామినీ మార్పు, అన్నిటికీ మనమే తిరగాలి, పని దినాల్లో సెలవు పెట్టి తిరగాలి. చెప్పేవాళ్లే చేసిపెడితే కమిషన్ ఆశ వస్తుందని ఆయన వాదన, నాకు అర్థమైంది గానీ పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు ఇది చాలా కష్టం. నాలుగు, ప్లాట్ల గురించి అడిగితే సరిగ్గా చెప్పరు. మన దగ్గర అందరి డబ్బూ స్థలాల్లోనే ఉంటుంది, అది నా పరిధి కాదంటే ఎట్లా?

ఇలాంటి వాళ్లను వెతుక్కునేవాళ్లు మొదట చూడాల్సింది సెబీలో పెట్టుబడి సలహాదారుగా రిజిస్ట్రేషన్ ఉందా అని. నంబరు ఐఎన్ఏ అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు. డైరెక్ట్ ప్లాన్లే చెప్తారా, ఏ కంపెనీ నుంచైనా ఒక్క రూపాయి వస్తుందా అని ముఖం మీదే అడగండి, నిజమైన వాళ్లు నొచ్చుకోరు. మాకు మొదట ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయి, నష్టం ఎంతవరకు తట్టుకోగలమో తేల్చే ప్రశ్నలు ఒక కాగితం నిండా అడిగారు, ఫీజు బ్యాంకు ద్వారానే తీసుకున్నారు. కుటుంబానికి ఏడాదికి ఫిక్స్‌డ్ ఫీజు 1,51,000 దాటకూడదని సెబీ పరిమితి పెట్టింది, మా మొదటి ఏడాది ఫీజు అందులో పదో వంతు. ఫలానా షేరు కొనండి, నెలకు ఇంత గ్యారంటీ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. చేతిలో పెద్ద అప్పు ఉండి, వడ్డీ ఎంత పోతోందో ఇప్పటికే లెక్క తెలిసినవాళ్లకు ఈ ఫీజు అనవసరం, ఆ డబ్బు అప్పుకే కట్టండి. మాలాగా నిలకడ లేని ఆదాయం ఉన్న షాపుల వాళ్లకు, ఇద్దరూ సంపాదిస్తూ కూడా నెలాఖరుకు తడుముకునే వాళ్లకు మాత్రం చాలా ఉపయోగం.

రెండో ఏడాది నుంచి ఫీజు 8,000. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ కట్టాలి, మా పేజీలో ఏప్రిల్ గడిలో ఆ అంకె ఇప్పటికే ఉంది. దాని కింద, ఈసారి ప్లాన్ తెలుగులో అడగాలి అని అత్తమ్మ రాయించారు.